కొత్త బ్యాటరీ అమ్మని బ్యాటరీ షాపు

మాకు రెండు లారీలు. రెండూ మామయ్య గారు కొన్నవే. ఆయనకు పక్షవాతం వచ్చాక లెక్కలు రాయడానికని నేను కూర్చున్నాను. లెక్కలతో మొదలై టైర్లు, ఫిట్‌నెస్, డ్రైవర్ బత్తా, కాటా చీటీలు అన్నీ మెల్లగా నా నెత్తిన పడ్డాయి. బ్యాటరీల గురించి మాత్రం నాకు తెలిసింది సున్నా. మూడేళ్ళకోసారి డబ్బులు మింగే డబ్బాలు, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ షాపు గురించి ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నానంటే ఆ డబ్బాల దగ్గర నేను నిలబడిన రెండు రోజులే కారణం.

షాపు పేరు రాయొద్దన్నాడు దాని యజమాని. చుట్టాలకు తెలిస్తే అందరూ అప్పుకి వస్తారట. అందుకని భాయ్ అనే రాస్తాను. ఆటోనగర్‌లో పాత లారీల వాళ్ళను అడిగితే వేలు చూపిస్తారు.

మొదలు ఎక్కడంటే, ఏప్రిల్‌లో గుంటూరు మిర్చి యార్డు నుంచి హైదరాబాదుకు లోడు. నందిగామ దగ్గర టీకి ఆపారు. రాత్రి రెండింటికి ఫోన్. "అమ్మాయ్, సెల్ఫ్ తిరగట్లేదు. టక్ మంటోంది, అంతే." లారీ నడిపేది మా ఇంటి మనిషి లాంటాయన, బాబాయ్ అంటాను. పక్కనున్న లారీ వాళ్ళను బతిమాలి కేబుల్ పెట్టించుకుని ఎలాగో బయల్దేరారు. ఇంజిన్ ఆపకుండానే లోడు దించి, ఆపకుండానే వెనక్కి వచ్చారు. డీజిల్ ఎంత పోయిందో చెప్పను, మామయ్య గారు చదువుతారు.

మొదట తీసుకెళ్ళింది ఈ భాయ్ దగ్గరికి కాదు. వేరే షాపుకి. దాని పేరూ ఊరూ అనవసరం. ఏసీ గది, గాజు తలుపు, చేతిలో పట్టే చిన్న మెషీన్. బ్యాటరీలు దింపి మూడు గంటలు ఛార్జింగ్ పెట్టారు. తిరిగి ఎక్కించేటప్పుడు చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నాయని క్లీనర్ అన్నాడు. మీటర్ పెట్టి 13.1 చూపించి, "ఫుల్ మేడమ్" అన్నారు. నేనూ సంతోషించాను. పదమూడు అంటే పన్నెండు కంటే ఎక్కువే కదా!

మర్నాడు పొద్దున మళ్ళీ టక్.

మళ్ళీ వెళ్తే ఒక బ్యాటరీకి మెషీన్ తగిలించారు. చిన్న చీటీ బయటికి వచ్చింది. ఆ కుర్రాడు దాన్ని చూసీ చూడనట్టు చూసి, "పోయింది మేడమ్. ఒకటి పోతే రెండూ మార్చాలి. 24 వేలు. పాతవి ఇచ్చేస్తే ఐదు వేలు తగ్గిస్తాం" అన్నాడు. నాకున్న జబ్బు ఒకటే, ఏ చీటీ కనిపించినా పర్సులో వేసుకుంటాను. అది కూడా వేసుకున్నాను. రెండు రోజులు టైమివ్వమని చెప్పి వచ్చేశాను. 24 వేలంటే ఒక ట్రిప్పు మిగులు మొత్తం పోయినట్టే.

భాయ్ షాపు చూస్తే లోపలికి వెళ్ళాలనిపించదు. ముందు గదిలో అరలు, వాటి మీద కొత్త బ్యాటరీలు. వెనక రేకుల షెడ్డు. గోడకి, రేకుకి మధ్య మూరెడు ఖాళీ. కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా లేదు, టైరు మీద కూర్చోమన్నాడు. చీటీ ఇచ్చాను. కళ్ళజోడు పైకెత్తి చదివి నవ్వాడు. "ఇందులో ఏముందో చదివారా అమ్మా?"

చదవలేదు. అప్పుడు చదివాను. 'ఛార్జ్ అండ్ రీటెస్ట్' అని ఉంది. అంటే ఛార్జింగ్ పెట్టి మళ్ళీ పరీక్షించు అని. పోయింది అని ఆ మెషీన్ ఎక్కడా అనలేదు.

"మెషీన్ మంచిదే. ఆకలితో పడిపోయినవాణ్ణి చూసి, అన్నం పెట్టి మళ్ళీ చూడమంటోంది. మీరేమో పాడె కట్టమని వచ్చారు" అన్నాడు. ఒకటి పోతే రెండూ మార్చాలన్న మాట నిజమేనట. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. కాకపోతే ముందు ఒకటి పోయిందని తేలాలి కదా.

బ్యాటరీల దగ్గరికి వెళ్ళబోతుంటే ఆపేశాడు. "ఆ బంగారు గాజులు తీసి బ్యాగులో పెట్టండి. మట్టి గాజులు ఉంచుకోవచ్చు." దొంగల భయం అనుకున్నాను. కాదు. స్పానర్ పట్టుకున్న చేతి గాజు ఒక పక్క టెర్మినల్‌కి, ఇంకో పక్క ఇనుముకి తగిలితే వందల ఆంపియర్లు దాని గుండా పోతాయి. గాజు ఎర్రగా కాలి మణికట్టుకి అతుక్కుంటుంది. పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అనుకునేవాళ్ళే కాల్చుకుంటారట. భాయ్ చేతికి ఉంగరం లేదు, వాచీ లేదు. స్పానర్ల పిడికి రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు.

లారీలో ఉండేది 24 వోల్టుల వైరింగ్. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసలో కలుపుతారు. మావి 120 ఏహెచ్‌వి (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందన్న కొలత). ఒక్కొక్కటి మోయడానికి ఇద్దరు కావాలి. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్స్, ఆరు మూతలు. భాయ్ మూతలు తీసి, గాజు గొట్టంలో తేలే బెండు ఉన్న హైడ్రోమీటర్‌తో (యాసిడ్ ఎంత చిక్కగా ఉందో, అంటే గ్రావిటీ ఎంతో చూపించేది) ఒక్కో సెల్ నుంచి యాసిడ్ పీల్చి, కంటికి ఎదురుగా పట్టుకుని చదివి, అదే సెల్‌లోకి వదిలేసి, సుద్దముక్కతో బ్యాటరీ పక్కన అంకె వేశాడు. ఆరుసార్లు. ఒక్క చుక్క కింద పడలేదు. మొదటి బ్యాటరీ అంకెలు ఇంకా గుర్తున్నాయి: 1.130, 1.135, 1.130, 1.140, 1.130, 1.135.

"చూశారా, అన్నీ ఒకే ఎత్తు. ఐదు బాగుండి ఒకటి మాత్రం నలభై యాభై పాయింట్లు (అంటే 0.040, 0.050) పడిపోతే ఆ సెల్ పోయినట్టు. ఆరూ సమానంగా పడిపోతే పోవడం కాదు, కడుపు మాడటం." ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీకి మన వేడి దేశంలో 1.240 నుంచి 1.260 దాకా రావాలట.

తర్వాత నాకో లెక్క నేర్పాడు. గ్రావిటీకి 0.84 కలపండి, ఒక సెల్ వోల్టేజ్ వస్తుంది, దాన్ని ఆరుతో గుణించండి అన్నాడు. ఫోన్‌లో వేశాను. 1.130కి 0.84 కలిపితే 1.97. ఆరుతో గుణిస్తే 11.82. అప్పుడు మీటర్ పెట్టి చూపించాడు. 11.8! లెక్కల మనిషిని కదా, నాకు ఆ క్షణంలోనే ఈయన మీద గురి కుదిరింది. మీటర్ వోల్టేజ్ పది దగ్గర, పదిన్నర దగ్గర ఆగితే ఒక సెల్ పూర్తిగా చచ్చిందని అర్థమట. మనది అలా లేదు.

మరి ఆ షాపులో 13.1 ఎలా వచ్చింది? ఛార్జర్ తీసిన వెంటనే చూస్తే ఎవరికైనా అంతే వస్తుందన్నాడు. అది ప్లేట్ల పైపైన ఉండే ఛార్జి. కొన్ని గంటలు పక్కన పెట్టాలి, ఆగలేకపోతే హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వేసి ఆర్పి అప్పుడు చూడాలి. 12.5 పైన ఉంటే నిండు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతు. పదమూడు చూసి మురిసిన నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

రెండో బ్యాటరీ కథ పూర్తిగా వేరు. గ్రావిటీ 1.270. నీళ్ళు మాత్రం ప్లేట్ల అంచుదాకా దిగిపోయాయి. మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బాబాయ్ అప్పుడు గొణిగాడు, "క్యాబిన్ పక్కన నెల రోజుల నుంచి ఈ వాసన వస్తూనే ఉంది, కాలవ వాసనేమో అనుకున్నా."

భాయ్ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి కాసేపు చూస్తూ ఊరుకున్నాడు. ఒకటి ఆకలితో పడిపోయింది, ఒకటి అజీర్తితో ఉడుకుతోంది. ఒకే లారీ, ఇంజిన్ తిరిగేటప్పుడు రెండింటినీ ఛార్జి చేసే ఆల్టర్నేటర్ కూడా ఒకటే. "ఇది బ్యాటరీ రోగం కాదమ్మా. బండి రోగం. ఛార్జింగ్ పెట్టి ఇస్తా, కానీ బండి చూడకుండా ఇస్తే నెలకి మళ్ళీ వస్తారు." ఆ మాట అనకుండా రెండు కొత్తవి అమ్మేస్తే నేను కొనుక్కుని దండం పెట్టి వెళ్ళేదాన్ని.

ఛార్జింగ్ వ్యవహారం రాయాలి. దానికోసమే ఇంత రాస్తున్నాను.

ఎండాకాలంలో ఆయన పగలు ఛార్జింగ్ పెట్టడు. సాయంత్రం పెట్టి తెల్లారి తీస్తాడు. లోపల యాసిడ్ వేడి యాభై డిగ్రీలు దాటకూడదు, బెజవాడ ఎండలో రేకుల కింద నలభై అయిదు మనం పెట్టకుండానే ఉంటుంది. ఏహెచ్‌లో పదో వంతు కరెంటు అన్నది ఆయన లెక్క. 120 ఏహెచ్‌కి 12 ఆంపియర్లు. "మూడు గంటల్లో కావాలంటే అయ్యే పని కాదు. అన్నం కుక్కర్లో వండొచ్చు, బ్యాటరీని కాదు" అన్నాడు. మా మొదటి బ్యాటరీకి పదకొండు గంటలు పట్టింది.

చాలా షాపుల్లో పది పన్నెండు బ్యాటరీలను ఒకే వరసలో కలిపి ఒక పెద్ద ఛార్జర్ మీద పెడతారు. నేను కూడా చూశాను, అదేదో పద్ధతి అనుకున్నాను. వరసలో పెడితే అన్నింటి గుండా ఒకటే కరెంటు పోతుంది. లారీ బ్యాటరీకి సరిపోయే కరెంటు పక్కనున్న కారు బ్యాటరీని ఉడకబెడుతుంది, కారు బ్యాటరీకి సరిపోయేది లారీ బ్యాటరీకి తెల్లారినా ఎక్కదు. భాయ్ దగ్గర కూడా వరస ఉంది, కాకపోతే ఒకే సైజువి మాత్రమే కలుపుతాడు. మావి ఒకటి ఖాళీ, ఒకటి నిండు కాబట్టి విడివిడిగా పెట్టాడు.

నీళ్ళు తగ్గిన దానికి ముందు ప్లేట్లు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోశాడు. నిండా పోయొచ్చు కదా అన్నాను. ఛార్జింగ్‌లో మట్టం పైకి లేస్తుంది, ఇప్పుడే నింపితే పొద్దుటికి యాసిడ్ పొంగి ట్రే తినేస్తుందన్నాడు. మిగతాది ఛార్జింగ్ అయ్యాక. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది. గ్రావిటీ తగ్గిందని యాసిడ్ పోసే మేస్త్రీలు ఉన్నారట. హైడ్రోమీటర్‌ని మోసం చెయ్యడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఇక ఆ షెడ్డు. గోడకి, రేకుకి మధ్య ఖాళీ ఎందుకో అప్పుడు తెలిసింది. ఛార్జింగ్ చివర్లో బ్యాటరీ బుడగలు కక్కుతుంది. అది హైడ్రోజన్. దానికి వాసన ఉండదు, గాలికంటే తేలిక, పైకి పోతుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, నిప్పురవ్వ దొరికితే పేలుతుంది. అందుకే పైన దారి. లైటు స్విచ్చి గదిలో లేదు, బయట గోడకి ఉంది. ఫ్యాను లోపలి గాలిని లాగేది కాదు, బయటి గాలిని లోపలికి తోసేది. లాగే ఫ్యాను అయితే ఆ గ్యాసు ఫ్యాను మోటారు మీదుగానే పోతుంది, మోటారులో రవ్వలు ఉంటాయి. అగరొత్తులు ముందు గదిలోనే. బీడీ కాలుస్తూ వచ్చిన ఒకాయన్ని నా కళ్ళ ముందే రోడ్డు దాకా వెనక్కి నడిపించాడు.

దీని విషయంలో మా ఇంట్లో ఒక పాత కథ ఉంది. మామయ్య గారి మొదటి లారీ క్లీనర్ రాత్రిపూట బ్యాటరీలో నీళ్ళు ఎంతున్నాయో చూద్దామని అగ్గిపుల్ల గీశాడు. బ్యాటరీ పైకప్పు ఎగిరిపోయింది. పక్కన కాలవ ఉంది కాబట్టి వెంటనే ముఖం నీళ్ళలో పెట్టించారు, కళ్ళు దక్కాయి. ఆ మాట చెప్తే భాయ్ ఆశ్చర్యపోలేదు. మూలనున్న కుళాయి, రెండు బకెట్ల నీళ్ళు, వంట సోడా డబ్బా చూపించాడు. ఒంటి మీద పడితే నీళ్ళు, కనీసం పావుగంట. నేల మీద పడితే సోడా.

క్లిప్పులు తగిలించే వరస కూడా చూశాను. ఛార్జర్ ఆఫ్‌లో ఉండగా ప్లస్‌కి ఎరుపు, మైనస్‌కి నలుపు, తర్వాత స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, ఆ తర్వాతే క్లిప్పులు. స్విచ్చి ఆపకుండా క్లిప్పు లాగితే రవ్వ వస్తుంది, అదీ బుడగలు కక్కుతున్న బ్యాటరీ మీదే. మూతల మీదుండే సన్న రంధ్రాలు మూసుకుపోలేదు కదా అని పిన్నుతో గుచ్చి చూశాడు. లారీలో బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ (ఛాసిస్‌కి కలిసే తీగ) ముందు తీయాలి, బిగించేటప్పుడు ఎర్త్ ఆఖరున. అలా చేస్తే స్పానర్ జారి ఛాసిస్‌కి తగిలినా ఏమీ కాదు. బాబాయ్ ముప్ఫై ఏళ్ళుగా ఎలా చేస్తున్నాడని అడిగాను. "ఏది దగ్గరుంటే అది" అన్నాడు.

ఎప్పుడు ఆపాలన్నది గడియారం చూసి కాదు. చివర్లో గంటకోసారి గ్రావిటీ చూస్తాడు. మూడుసార్లు వరసగా అదే అంకె వస్తే ఇక ఎక్కేది లేదని అర్థం. గోడ మీద ఒక పట్టీ అతికించి ఉంది. ఇరవై ఏడు డిగ్రీలు లెక్క, అంతకు పది డిగ్రీలు ఎక్కువుంటే వచ్చిన అంకెకి ఏడు పాయింట్లు కలుపుకోవాలి. పొద్దున ఆరున్నరకి నాకు ఫోటో పంపాడు, సుద్దతో ఆరు అంకెలు, అన్నీ 1.245, 1.250.

ఆ రోజే ఇమ్మంటే ఇవ్వలేదు. రాత్రి దాకా అలా ఉంచి, షెడ్డు బయటికి తెచ్చి లోడ్ టెస్టర్ పెట్టాడు. లావుపాటి తీగ చుట్ట ఉన్న పాతకాలం పనిముట్టు, బ్యాటరీ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి వోల్టేజ్ ఎంత నిలబడుతుందో చూసేది. దాన్ని టెర్మినల్స్‌కి నొక్కిపెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టాడు. తీగ వేడెక్కి కాలిన వాసన వచ్చింది. ముల్లు 9.6 కిందికి పోకూడదు. మొదటిది 10.2 దగ్గర నిలబడింది, రెండోది 10.6 దగ్గర. పోయిందన్న బ్యాటరీ! ఛార్జింగ్ అయిన వెంటనే, అదీ షెడ్డులోపల ఈ పరీక్ష పెట్టకూడదు, రవ్వకీ గ్యాసుకీ పెళ్ళి చేసినట్టే అన్నాడు.

మర్నాడు పొద్దున లారీ దగ్గరికి వచ్చాడు. దీనికి వేరుగా మూడు వందలు. ఇంజిన్ స్టార్ట్ చేయించి రెండింటి మీదా కలిపి మీటర్ పెడితే 28.2. "ఆల్టర్నేటర్ బంగారం" అన్నాడు. విడివిడిగా పెడితే ఒకదాని మీద 13.4, ఒకదాని మీద 14.8. అప్పుడు బ్యాటరీ పెట్టె పక్కన కూర్చుని, టార్చి వేసి, రెండు బ్యాటరీలను కలిపే పట్టీ దగ్గర వేలు పెట్టాడు. సన్నటి ఎర్ర వైరు. అది టేపు చుట్టుకుని, ఛాసిస్ వెంట పాకి, క్యాబిన్‌లోకి పోయింది. దాని చివర పాటల డెక్కు, చిన్న ఫ్యాను, ఫోన్ ఛార్జర్, అద్దం చుట్టూ నీలం లైట్లు.

బాబాయ్ నేల చూశాడు.

అవన్నీ పన్నెండు వోల్టుల సామాన్లు. లారీలో ఉన్నవి ఇరవై నాలుగు. కాబట్టి ఎవరో ఎలక్ట్రీషియన్ మధ్యలోంచి, అంటే ఒక్క బ్యాటరీ మీదే, తీగ లాగి ఇచ్చాడు. రాత్రి ఫ్యాను వేసుకుని పడుకుంటే రెండు ఆంపియర్లు, ఎనిమిది గంటలకి పదహారు ఏహెచ్. అదంతా ఒక్కదాన్నుంచే. పగలు ఆల్టర్నేటర్ పంపే కరెంటు మాత్రం వరసలో రెండింటికీ ఒకటే. వాడనిది ముందే నిండిపోయి ఉడకడం మొదలెడుతుంది, వాడినది నిండేలోపు లారీ ఆగిపోతుంది. నెలల తరబడి ఇదే. పగలంతా జోడుగా లాగిన ఎద్దుల్లో ఒకదాన్నే రాత్రి గానుగకి కట్టినట్టు. ఈ పోలిక బాబాయ్‌దే, తప్పు ఒప్పుకుంటూ అన్నాడు.

మందు చాలా చిన్నది. 24 నుంచి 12 చేసే కన్వర్టర్, పది ఆంపియర్లది, ఒక ఫ్యూజు. రెండు బ్యాటరీల మీద నుంచీ సమానంగా తీసుకుంటుంది. కన్వర్టర్, బిగింపు కలిపి 1,500. ఛార్జింగ్, పరీక్ష ఒక్కోదానికి 250. లారీ దగ్గరికి వచ్చినందుకు 300. మొత్తం 2,300. ఆ షాపు చెప్పింది 24 వేలు.

పోతూ పోతూ రెండు మాటలు చెప్పాడు. మాది 2021 మోడల్, బీఎస్ 6 బండి. దీంట్లో ఇంజిన్ ఆపిన వెంటనే బ్యాటరీ కటాఫ్ స్విచ్చి తిప్పకూడదు. పొగ శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పైపుల్లో ఉన్నదాన్ని పంపు ట్యాంకులోకి వెనక్కి లాక్కోవాలి, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. బాడీకి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కనెక్షన్లు తీసేయాలి, లేకపోతే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) మీదికి వస్తుంది. బాడీ బిల్డింగ్‌కి పేరున్న ఆటోనగర్‌లోనే ఈ రెండో మాట పట్టించుకోని వాళ్ళు ఎంతమందో.

ఆయన దగ్గర అమరాన్, ఎక్సైడ్ రెండూ ఉన్నాయి. అమరాన్ తిరుపతి దగ్గర మన కరకంబాడిదే కదా, అదే తీసుకోవాలా రేపు మార్చేటప్పుడు అని అడిగాను. "ఎర్ర వైరు ఉంచితే ఏ కంపెనీదైనా చావాల్సిందే" అన్నాడు. అమ్మేవాడి నోట ఆ సమాధానం నేను ఊహించలేదు. పాత బ్యాటరీలను యాసిడ్‌తో సహా తూకం వేసి తీసుకుని, పోగుచేసి లైసెన్సున్న వాళ్ళకే పంపుతాడట. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కాగితం కౌంటర్ వెనక అంటించి ఉంది. వీధిలో పాత సామాన్ల వాడికి వేస్తే యాసిడ్ కాలవలో పారబోసి సీసం పట్టుకుపోతాడని ఆయన బాధ.

అన్నీ పొగడ్తలే రాస్తే నన్ను ఆయన చుట్టం అనుకుంటారు. ఫోన్ ఎత్తడు. పదిసార్లు చేస్తే ఒకసారి ఎత్తి, "గ్రావిటీ చూస్తున్నా" అని పెట్టేస్తాడు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా షట్టర్ వేసి ఉంటుంది, తెలియక వెళ్ళి ఎండలో నిలబడ్డాను. అత్యవసరంగా లోడు ఉన్నవాళ్ళకు రెండు రోజులు ఆగమనడం కుదిరే పని కాదు. ఆ రెండు రోజులకి వాడుకోవడానికి వేరే బ్యాటరీలు ఇస్తాడు, కాకపోతే పది వేలు డిపాజిట్ కట్టాలి, అదీ చేతిలో. బిల్లు చేత్తో రాసినదే, అడిగితేనే ఇస్తాడు.

ఇంకోటి. ఆయన కళ్ళకి అద్దాలు పెట్టుకుంటాడు, చేతులకి రబ్బరు తొడుగులు. పని నేర్చుకుంటున్న కుర్రాడేమో అద్దాలు నుదుటి మీద పెట్టుకుని యాసిడ్ దగ్గర తిరుగుతున్నాడు. నా ముందే రెండుసార్లు. "కళ్ళు నుదుటి మీద లేవు నాయనా" అన్నాను. నవ్వి దించుకున్నాడు, నేను తల తిప్పగానే మళ్ళీ పైకి. భాయ్ దీని మీద అరవాలి. బీడీ ఆయన మీద అరిచినంతైనా అరవాలి.

నా చీర సంగతి. హైడ్రోమీటర్ చూడటానికి వంగినప్పుడు కుచ్చిళ్ళు ట్రేకి తగిలినట్టున్నాయి. ఇంటికి వచ్చి చూస్తే ఏమీ లేదు. ఉతికి ఆరేస్తే మోకాలి దగ్గర జల్లెడ. మంగళగిరి నూలు చీర. యాసిడ్ మచ్చ ఉతికేదాకా కనిపించదని ముందే చెప్పొచ్చు కదా అంటే, "మీరు లోపలికి వస్తారనుకోలేదమ్మా, సార్లు ఎవరూ రారు" అన్నాడు. వెళ్ళేవాళ్ళు పాత బట్టలతో వెళ్ళండి.

నేను ఆ వారమే ఒక హైడ్రోమీటరు, మామూలు మీటరు కొనుక్కున్నాను. నెలకోసారి బాబాయ్‌తో బ్యాటరీ పెట్టె తెరిపించి పన్నెండు సెల్స్ గ్రావిటీ నోటుబుక్కులో రాస్తున్నాను, టైర్ల గాలి పక్కన ఇంకో గడి గీసి. టెర్మినల్స్ మీద తెల్లగా పూత కడితే మూతలు బిగించి ఉంచి, సోడా నీళ్ళతో కడిగించి, వాసెలిన్ రాయిస్తున్నాను. ఎర్త్ ముందు, నేను నిలబడి చూస్తుంటే. నాలుగు నెలలైంది. మొన్నటి లెక్క ఒకదానికి 1.245, ఒకదానికి 1.250. డిస్టిల్డ్ వాటర్ రెండింటికీ సమానంగానే పడుతోంది. వాసన పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పాటలూ మోగుతున్నాయి, నీలం లైట్లు మాత్రం బాబాయే సిగ్గుపడి పీకేశాడు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి ఆ కుర్రాడి అద్దాలకి, చీరకి కలిపి కోత.

నిన్న రెండో లారీ లోడు దించి షెడ్డుకి వచ్చింది. డ్రైవర్ టిఫినుకి వెళ్ళాడు. గాజులు తీసి కొంగున ముడేసుకుని, బ్యాటరీ పెట్టె మూత తీసి, ఫోన్ టార్చి వేశాను. మధ్య పట్టీ దగ్గర, నల్ల టేపు కింద, ఎర్ర వైరు.